మౌస్ పట్టాలా, కమాండ్ కొట్టాలా

కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఖమ్మం దాటాక, మధిర ఇంకా రాకముందు బోనకల్ వస్తుంది. మండల కేంద్రం. ఇలాంటి చోట కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఫలానా పని అని ఉండదు. పొద్దున జిరాక్స్ షాపు ప్రింటర్, మధ్యాహ్నం మిర్చి వ్యాపారి ట్యాలీ, సాయంత్రం డిగ్రీ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్. వీటన్నిటిలో కాస్త ఆగి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాల్సిన పని మాత్రం ఒకటుంది. అది డిస్కు పార్టిషన్లు మార్చడం. ప్రింటర్ పాడైతే ఇంకోటి తెచ్చుకుంటారు. మూడేళ్ళ కొనుగోళ్ళ లెక్కలున్న డి డ్రైవ్ మాయమైతే ఆ వ్యాపారికి ఏం చెప్తారు?

పైగా ఈ పని ఇప్పుడు పెరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. "పదకొండు ఎక్కించన్నా" అంటూ పాత సిస్టమ్‌లు బల్ల మీదికి వస్తున్నాయి. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయమనేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. వీటిలో ఏది చేయబోయినా ముందు పార్టిషన్ల సంగతి తేల్చాలి.

అందుకు రెండు రకాల పనిముట్లున్నాయి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్, లినక్స్‌లో జీపార్టెడ్ లాంటివి డిస్కును బొమ్మగా గీసి చూపిస్తాయి, మౌస్‌తో నడుస్తాయి. డిస్క్‌పార్ట్, ఎఫ్‌డిస్క్, పార్టెడ్ లాంటివి నల్ల తెర మీద కమాండ్ కోసం ఎదురుచూస్తాయి. ఏది వాడాలని అడిగితే షాపుల్లో, కోచింగ్ సెంటర్లలో రెండే జవాబులు వినిపిస్తాయి. "మౌస్‌తో చేస్తే సేఫ్, కమాండ్ జోలికి పోకు" అని కొందరు. "పని తెలిసినోడు కమాండే కొడతాడు" అని ఇంకొందరు. నన్నడిగితే రెండూ సగం నిజాలే. పనిముట్టుకు బొమ్మ ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. అది డిస్కు మీద ఎప్పుడు రాస్తుందో ముందు తెలుసుకోవాలి.

జీపార్టెడ్ తెరిచి ఒక పార్టిషన్‌ను కుదించండి, ఖాళీ అయిన చోట ఇంకోటి పెట్టండి, మూడోదాన్ని తీసేయండి. తెర మీద బొమ్మ మారిపోతుంది. డిస్కు మీద మాత్రం అప్పటికి ఒక్క బైటు కూడా కదలదు. మీరు చెప్పిన మూడు పనులూ కిటికీ అడుగున వరసగా చేరి ఉంటాయి. అప్లై నొక్కి, మళ్ళీ అడిగినప్పుడు సరే అంటేనే అసలు పని మొదలవుతుంది. మనసు మారితే ఒక్కొక్కటీ వెనక్కి తీసుకోవచ్చు. ఎఫ్‌డిస్క్ పూర్తిగా నల్ల తెర వ్యవహారం. దాని పద్ధతి కూడా సరిగ్గా ఇదే. ఎన్ని పార్టిషన్లు తీసినా, ఎన్ని పెట్టినా, చివర్లో డబ్ల్యూ అక్షరం కొట్టేదాకా డిస్కును ముట్టుకోదు. క్యూ కొడితే ఏమీ జరగనట్టే బయటికి వచ్చేస్తుంది. జీడిస్క్, సీఎఫ్‌డిస్క్ కూడా ఈ కోవలోవే.

పార్టెడ్ అలా కాదు. అదీ నల్ల తెరదే అయినా ఎంటర్ కొట్టిన మరుక్షణం రాసేస్తుంది. విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌ది కూడా అదే స్వభావం. మరి అందరూ సేఫ్ అనుకునే డిస్క్ మేనేజ్‌మెంట్? అక్కడా పనులు వరసలో ఆగవు. డిలీట్ వాల్యూమ్ అన్నాక వచ్చే ప్రశ్నకు యెస్ అంటే ఇక వెనక్కి తీసుకునే మాట లేదు. కాబట్టి బ్యాకప్ లేని కస్టమర్ డిస్కు మీద నాలుగైదు మార్పులు చేయాల్సి వస్తే, రాసేముందు ఆగి చూసుకోనిచ్చే పనిముట్టును ఎంచుకోండి. అది మౌస్‌తో నడిచేదైనా సరే, కమాండ్‌తో నడిచేదైనా సరే.

అసలు పార్టిషన్ పట్టిక అంటే ఏమిటో ఒక్క మాట. పొలానికి పహాణీ ఎలాగో డిస్కుకు ఈ పట్టిక అలాగ. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ రకమో అందులో రాసి ఉంటుంది. పహాణీ చిరిగిపోయినంత మాత్రాన చేలో పైరు మాయం కాదు. అలాగే పట్టిక చెరిగిన వెంటనే లోపలి ఫైళ్ళు చెరిగిపోవు. అందుకే టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ డిస్కంతా వెతికి పాత హద్దులు పట్టుకోగలుగుతుంది. కానీ ఆ ఆశ మీద పని మొదలుపెట్టకూడదు. పట్టిక పోయిందని తెలియగానే దాని మీద కొత్త విండోస్ ఎక్కించేస్తే ఇక దొరికేది తక్కువ. ఎస్ఎస్‌డీ అయితే ఫార్మాట్ కొట్టగానే విండోస్ "ఈ చోటంతా ఖాళీ" అని దానికి చెప్పేస్తుంది. ఆ తర్వాత ఎస్ఎస్‌డీ తనంతట తానే లోపల శుభ్రం చేసుకుంటుంది. హార్డ్ డిస్కులో దొరికినట్టు ఎస్ఎస్‌డీలో దొరకదు.

పట్టికలో రెండు రకాలున్నాయి. 1983లో ఐబీఎం పీసీల కోసం వచ్చిన ఎంబీఆర్ పాతది. నాలుగు ప్రైమరీ పార్టిషన్లు, మామూలు డిస్కుల్లో సుమారు 2 టీబీ వరకే దాని పరిధి. జీపీటీ కొత్తది. మామూలుగా 128 పార్టిషన్ల దాకా పెట్టుకోవచ్చు, పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా దాచుకుంటుంది. ఈ తేడా విండోస్ 11 దగ్గర మళ్ళీ అడ్డొస్తుంది.

ఇక ప్రమాదం ఎక్కడ జరుగుతుందో చెప్తాను. తప్పు కమాండ్ కొట్టడం వల్ల పోయే డేటా తక్కువ. సరైన కమాండ్‌ను తప్పు డిస్కు మీద కొట్టడం వల్ల పోయేదే ఎక్కువ.

డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే కమాండ్ ఉంది. ఎంచుకున్న డిస్కు మీది పట్టిక మొత్తం తీసేస్తుంది. నిజంగానా అని అడగదు. క్షణంలో డిస్క్ శుభ్రమైందని ఒక వాక్యం చూపించి ఊరుకుంటుంది. నడుస్తున్న విండోస్‌లోంచి కొడితే, ఆ విండోస్ ఉన్న డిస్కును మాత్రం అది ముట్టుకోనివ్వదు, కుదరదని చెప్తుంది. కానీ మన పనిలో డిస్క్‌పార్ట్‌ను ఎక్కువగా ఎక్కడ వాడతాం? ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కి తెరిచిన తెరలో. అక్కడ సిస్టమ్ బూట్ అయింది పెన్‌డ్రైవ్ నుంచి. కాబట్టి లోపలి డిస్కులన్నీ దానికి ఒకటే, ఏ కాపలా ఉండదు.

ఒక ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ మీద విండోస్, 1 టీబీ హార్డ్ డిస్కు మీద ఫొటోలు, లెక్కలు ఉన్నాయనుకోండి. విండోస్ ఉన్నది కాబట్టి ఎస్ఎస్‌డీయే డిస్క్ 0 అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కే 0, ఎస్ఎస్‌డీ 1 అని వస్తుంది. అలవాటు కొద్దీ సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్ అని కొడితే పోయేది ఫొటోలు. అందుకని లిస్ట్ డిస్క్ కొట్టి సైజు చూడండి. 256 అని రాసి ఉన్నది 238గా, 1 టీబీది 931గా కనిపిస్తుంది. కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే. తర్వాత సెలెక్ట్ చేసి, డిటెయిల్ డిస్క్ కొట్టండి. మోడల్ పేరు, అందులో ఉన్న డ్రైవ్ అక్షరాలు చూపిస్తుంది. మళ్ళీ లిస్ట్ డిస్క్ కొడితే ఎంచుకున్న డిస్కు పక్కన చుక్క (*) గుర్తు కనబడుతుంది. ఆ గుర్తు చూశాకే క్లీన్. ఇన్ని చేసినా అర నిమిషం పట్టదు.

లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కూడా రీబూట్‌కు రీబూట్‌కు మారవచ్చు. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూపించమని చెప్పి, డిస్కు మీద అంటించిన స్టిక్కర్‌తో సరిపోల్చండి. ఒకే సైజు, ఒకే కంపెనీ డిస్కులు రెండు పెట్టి క్లోన్ చేస్తున్నప్పుడు ఈ సీరియల్ ఒక్కటే దిక్కు. డెస్క్‌టాప్ అయితే ఇంకా మంచి ఉపాయం ఉంది. పనిలేని డిస్కు పవర్ కేబుల్ పీకేయండి. కనెక్షన్ లేని డిస్కును ఏ కమాండూ చెరపలేదు.

ఇంకో సంగతి, ఇది సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. కౌంటర్ దగ్గర మాటలు ఇలా నడుస్తాయి:

"అన్నా, డేటా పోదు కదా?"

"సి డ్రైవ్‌ల ఏమన్న ఉన్నయా తమ్మీ?"

"ఏం లేవన్నా. అన్నీ డెస్క్‌టాప్ మీదనే పెట్టిన."

డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనే. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ కూడా. ఆ విషయం కస్టమర్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కాబట్టి సి డ్రైవ్‌లో ఏముందని అడగొద్దు, డెస్క్‌టాప్ మీద ఏముందని అడగండి. మొదలుపెట్టేముందు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ బొమ్మను ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఏం చేయబోతున్నారో బిల్లు పుస్తకంలో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టించుకోండి. మొహమాటపడేవాళ్ళున్నారు, నాకైతే ఇందులో మొహమాటానికి కారణం కనబడదు.

మౌస్‌తో సరిపోయే పనులు చెప్పుకుందాం. కొత్త ల్యాప్‌టాప్‌లో మొత్తం సి డ్రైవే ఉంటుంది, "డి డ్రైవ్ ఒకటి చేసిపెట్టన్నా" అంటారు. దీనికి కమాండ్ అక్కర్లేదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్, సి మీద కుడి క్లిక్, ష్రింక్ వాల్యూమ్. ఇక్కడ తడబడేది ఒక్క గడి దగ్గరే. ఎంత ఉంచాలని అది అడగదు, ఎంత కోయాలని అడుగుతుంది, అదీ ఎంబీల్లో. 100 జీబీ డి డ్రైవ్ కావాలంటే 102400 అని కొట్టాలి. 100 అని కొడితే 100 ఎంబీ ముక్క వస్తుంది.

సి డ్రైవ్‌లో 300 జీబీ ఖాళీ ఉన్నా 90 మాత్రమే కోస్తానని అది మొండికేయడం మామూలే. కదపలేని ఫైలేదో మధ్యలో కూర్చుని ఉంటుంది. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు, వీటిలో ఏదో ఒకటి. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్‌లో 259 నంబర్ ఎంట్రీ వెతికితే అడ్డొచ్చిన ఫైలు పేరు ఉంటుంది. దాన్ని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్ళీ ప్రయత్నించాలి.

బొమ్మ ఉన్నంత మాత్రాన ఉచ్చులు లేవని కాదు. లినక్స్ డిస్కునో, చెడిపోతున్న డిస్కునో తగిలించగానే "ఫార్మాట్ చేయాలి" అని విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది. అలవాటు కొద్దీ సరే అనేస్తాం. అక్కడ క్యాన్సిల్ ఒక్కటే జవాబు. ఇంకోటి దీనికన్నా మోసకారి. ఎంబీఆర్ డిస్కులో ఇప్పటికే నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉండగా ఐదోది చేయబోతే, డిస్క్ మేనేజ్‌మెంట్ కుదరదని చెప్పదు. డిస్కును డైనమిక్‌గా మారుస్తానని పొడుగాటి ఇంగ్లిష్ వాక్యంలో అడుగుతుంది. యెస్ అంటే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. తర్వాత మళ్ళీ మామూలు డిస్కుగా మార్చాలంటే వాల్యూమ్‌లన్నీ తీసేయమంటుంది విండోస్. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు కమాండ్లంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళ పని అనుకుని వెనకాడటం చూస్తుంటాం. నా లెక్క వేరు. డిస్క్‌పార్ట్ మొత్తం లిస్ట్, సెలెక్ట్, డిటెయిల్, క్రియేట్, డిలీట్ లాంటి పది పన్నెండు మాటలతో నడుస్తుంది. మౌస్‌తో పనిచేసేటప్పుడు వచ్చే హెచ్చరికలే మూడు లైన్ల వాక్యాలు. చదవకుండా నొక్కేది వాటినే.

ఇక మౌస్ చేతులెత్తేసే చోట్లు. పెన్‌డ్రైవ్ మీద ఒకసారి లినక్స్ ఎక్కించి చూడండి. తర్వాత విండోస్‌లో పెడితే 32 జీబీది కాస్తా కొన్ని ఎంబీలదిగా కనబడుతుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిలీట్ వాల్యూమ్ ఒక్కోసారి నొక్కనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో ఆ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుని క్లీన్ కొట్టి, కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ చేస్తే మామూలైపోతుంది. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన డిస్కును డేటా డిస్కుగా వాడాలంటే అందులోని ఈఎఫ్ఐ పార్టిషన్ అడ్డం. మౌస్‌తో కుడి క్లిక్ చేస్తే హెల్ప్ తప్ప ఏమీ రాదు. డిస్క్‌పార్ట్‌లో డిలీట్ పార్టిషన్ పక్కన ఓవర్‌రైడ్ చేర్చాలి.

దీనికి పెద్ద ఉదాహరణ 2024 జనవరిలో వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ పంపిన కేబీ5034441 అనే భద్రతా అప్‌డేట్ ఎన్నో సిస్టమ్‌లలో 80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది. రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకపోవడమే కారణం. ఆ ఎర్రర్ చూసి ఆ సంగతి ఊహించడం ఎవరి తరమూ కాదు. దాన్ని 250 ఎంబీ పెంచుకోండని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ పెంచే పద్ధతి మొత్తం కమాండ్లలోనే ఉంది. రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని ఆపాలి. డిస్క్‌పార్ట్‌లో సి డ్రైవ్‌ను 250 ఎంబీ కుదించాలి. పాత రికవరీ పార్టిషన్‌ను ఓవర్‌రైడ్‌తో తీసేయాలి. ఆ చోట కొత్తది పెట్టి, ఇది రికవరీ రకం అని చెప్పే పొడుగాటి గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. ఫార్మాట్ చేసి, రీఏజెంట్‌సీని మళ్ళీ ఆన్ చేయాలి. ఆ గుర్తింపు సంఖ్య ఇవ్వడానికి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో గడే లేదు. ఎవరైనా దాన్ని మామూలు పార్టిషన్‌గా చేసి వదిలేస్తే విండోస్ దానికో డ్రైవ్ అక్షరం ఇస్తుంది. "కొత్త డ్రైవ్ వచ్చింది, నిండిపోయిందంటోంది" అని కస్టమర్ ఫోన్.

విండోస్ 11 సంగతీ అంతే. పాత సిస్టమ్ ఎంబీఆర్ మీద, లెగసీ బయాస్‌తో నడుస్తుంటే, దాన్ని జీపీటీకి మార్చి యూఈఎఫ్ఐలో బూట్ చేయాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీగా మార్చే ఆప్షన్ ఉంది కానీ డిస్కు మొత్తం ఖాళీ చేస్తే తప్ప అది పనిచేయదు. డేటా పోకుండా మార్చేది ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్. 2017లో విండోస్ 10 అప్‌డేట్ ఒకదానితో వచ్చింది, ఇప్పటికీ దానికి కిటికీ లేదు. ముందు వాలిడేట్ ఆప్షన్‌తో నడపండి. అప్పుడది డిస్కును పరీక్షించి వీలవుతుందో కాదో చెప్తుంది, ఏమీ రాయదు. మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లున్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా ఒప్పుకోదు. మన దగ్గర పాత సిస్టమ్‌లలో డి, ఇ డ్రైవ్‌లు ఆ ఎక్స్‌టెండెడ్ లోపలే ఉంటాయి కాబట్టి సగం సార్లు ఇక్కడే ఆగుతుంది. ఒప్పుకుంటే కన్వర్ట్ చేసి, వెంటనే బయాస్‌లో యూఈఎఫ్ఐకి మార్చాలి. లేదంటే సిస్టమ్ బూట్ కాదు. అన్నట్టు, ఇదంతా చేసేముందు ప్రాసెసర్, టీపీఎం 2.0 చూసుకోండి. ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి. ఈ రెండూ సరిపోని సిస్టమ్‌కు పార్టిషన్ మార్చి ప్రయోజనం లేదు.

మౌస్ గెలిచే పెద్ద పని ఒకటుంది, పార్టిషన్‌ను పక్కకు జరపడం. 256 ఎస్ఎస్‌డీ నుంచి 512కు క్లోన్ చేశాక కొత్త చోటంతా చివర్లో మిగులుతుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ గోడలా నిలబడుతుంది. సి మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉండిపోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ జరపలేదు, డిస్క్‌పార్ట్ కూడా జరపలేదు. జీపార్టెడ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి రికవరీని చివరికి లాగి, సిని పెంచితే చాలు. కుడి చివర పెంచడం క్షణాల్లో పని. ఎడమ చివర కదిపితే మాత్రం లోపలి డేటా అంతా కొత్త చోటికి నకలు చేయాలి. గంటలు పట్టొచ్చు. ఆ మధ్యలో కరెంటు పోతే చేయగలిగింది పెద్దగా ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం డెస్క్‌టాప్ మీద యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిజంగా నిలబడుతుందో ముందే చూడండి, ఛార్జర్ పీకితే ఆరిపోయే ల్యాప్‌టాప్‌లే మన దగ్గరికి ఎక్కువ వస్తాయి.

కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో ఇంకో తాళం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినవాటిలో డిస్కు బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు, యజమానికి ఆ సంగతే తెలియకపోవచ్చు. బిట్‌లాకర్ వేసి ఉన్న పార్టిషన్‌ను జీపార్టెడ్ కుదించలేదు, పెంచలేదు. బయాస్ మార్పులు చేస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఆ మనిషి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎప్పుడో మొదటి రోజు షాపులో ఎవరో పెట్టింది అయ్యుంటుంది. కీ చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి.

విండోస్‌లోని రెండు పనిముట్లకూ లొంగనివి కూడా ఉంటాయి. ట్రాక్టర్ టేప్‌కు 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే పాటలు రావడం లేదంటారు. అది ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటుంది, టేప్‌కు ఫ్యాట్32 కావాలి. 32 జీబీ దాటితే విండోస్ ఫార్మాట్ కిటికీలో ఫ్యాట్32 మామూలుగా కనబడదు. కమాండ్‌తో కొట్టినా ఏళ్ళ తరబడి అదే గోడ ఉండేది. జీపార్టెడ్‌లో ఫ్యాట్32 ఎంచుకుంటే అయిపోతుంది. లేదా 32 జీబీలోపు పార్టిషన్ ఒకటి చేసి ఇచ్చేయండి, ట్రాక్టర్ పాటలకు అది చాలు. ఇలాంటి పనులకు ఫ్రీ అని దించుకుంటే అప్లై దగ్గర డబ్బులడిగే పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌లు కొన్నుంటాయి. వాటి క్రాక్ వెర్షన్లు మాత్రం కస్టమర్ సిస్టమ్‌లో వేయకండి. డిస్కు మీద అంత అధికారం ఉన్న ప్రోగ్రామ్‌ను ఎవరు విరగ్గొట్టారో తెలియని చోటునుంచి తెచ్చుకోవడం ఏం తెలివి?

కమాండ్‌కు ఉన్న బలం ఏమిటంటే, దాన్ని రాసి పెట్టుకోవచ్చు. ఒకే మోడల్ సిస్టమ్‌లు ఇరవై ఉన్న స్కూల్ ల్యాబ్‌లో ఒక్కోదాని ముందు కూర్చుని మౌస్ తిప్పేకన్నా, నోట్‌ప్యాడ్‌లో కమాండ్లు వరసగా రాసి డిస్క్‌పార్ట్‌కు ఆ ఫైలు ఇవ్వడం మేలు. దూరంగా ఉన్న మీసేవ ఆపరేటర్‌కు ఫోన్‌లో "పైన కుడి పక్కన ఉంది చూడండి" అని చెప్పేకన్నా కమాండ్ వాట్సాప్ చేయడం తేలిక. ప్రమాదమూ అక్కడే. సెలెక్ట్ డిస్క్ 1 అన్నది ఒక సిస్టమ్‌కు రాసిన మాట. ఫార్వర్డ్ అయి ఇంకో ఊళ్ళో ఇంకో సిస్టమ్‌లో అదే 1 ఎవరి డిస్కో ఎవరికి తెలుసు? యూట్యూబ్ వీడియో చూసి కొట్టేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. అలా పంపాల్సి వస్తే లిస్ట్, డిటెయిల్ వరకే పంపండి. జవాబు ఫొటో తెప్పించుకుని, చూశాకే మిగిలినవి. ఎల్ఎస్‌బీఎల్‌కే, లిస్ట్ డిస్క్ లాంటి చూసే కమాండ్లు ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు.

షాపు దాటి సర్వర్ ఉద్యోగం వైపు చూసేవాళ్ళకు లెక్క మారుతుంది. 2022 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాద్‌లో డేటా సెంటర్ రీజియన్ ప్రకటించింది. క్లౌడ్‌లో లినక్స్ సర్వర్‌కు సాధారణంగా బొమ్మ తెర ఉండదు. ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్తే నల్ల తెరే. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి టిక్ పెట్టే పద్ధతి లేదు, సిస్టమ్ ముందు కూర్చుని పార్టిషన్లు, ఎల్‌వీఎంలు నిజంగా చేసి చూపించాలి.

ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటి చెప్తాను. సర్వర్‌లో డిస్కు నిండింది, ఏం చేస్తావు? "పార్టిషన్ పెంచుతాను" అంటే అక్కడే ఆగిపోతారు. డీఎఫ్‌తో ఏది నిండిందో చూడాలి. చోటు ఉన్నా ఐనోడ్లు అయిపోయి ఉండొచ్చు, అదీ డీఎఫ్‌లోనే ఇంకో ఆప్షన్‌తో తెలుస్తుంది. డీయూతో ఏ ఫోల్డర్ తింటోందో పట్టుకోవాలి, చాలాసార్లు అది లాగ్ ఫైలే. నిజంగా పెంచాల్సిందే అయితే క్లౌడ్‌లో డిస్కు సైజు పెంచి, గ్రోపార్ట్‌తో పార్టిషన్‌ను, తర్వాత ఫైల్ సిస్టమ్‌ను పెంచాలి. గ్రోపార్ట్‌లో డిస్కు పేరుకూ పార్టిషన్ నంబర్‌కూ మధ్య ఖాళీ వదలాలి. అది వదలక ఎర్రర్ వచ్చి కంగారుపడేవాళ్ళు కోకొల్లలు. ఈఎక్స్‌టీ4కు రీసైజ్2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్‌కు ఎక్స్ఎఫ్ఎస్ గ్రోఎఫ్ఎస్. ఎక్స్ఎఫ్ఎస్‌ను పెంచగలం, మామూలుగా కుదించలేం. రెడ్ హ్యాట్ 7 నుంచి మామూలుగా వచ్చేది ఎక్స్ఎఫ్ఎస్సే. ఈ ఒక్క ముక్క తెలిసినవాడు మొదటి రోజే ఎక్కువ చోటు ఇచ్చేయడు.

ఇదంతా నేర్చుకోవడానికి ఎవరి డిస్కూ అక్కర్లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో యాక్షన్ మెనూ కింద క్రియేట్ వీహెచ్‌డీ ఉంది. డి డ్రైవ్‌లో 2 జీబీ ఫైలు ఒకటి సృష్టించమంటే విండోస్ దాన్నే ఇంకో డిస్కుగా చూపిస్తుంది. దాని మీద మౌస్‌తో నాలుగు పార్టిషన్లు చేసి, అదే పని డిస్క్‌పార్ట్‌తో మళ్ళీ చేయండి. ఎంబీఆర్ చేసి, డిస్క్‌పార్ట్‌తో నాలుగు ప్రైమరీ పార్టిషన్లు పెట్టి, ఐదోది మౌస్‌తో పెట్టబోతే డైనమిక్ అని ఎలా అడుగుతుందో చూడండి. క్లీన్ కొట్టి, టెస్ట్‌డిస్క్‌తో వెనక్కి తెచ్చుకోండి. డిస్క్‌పార్ట్‌లో ఉన్నప్పుడు మాత్రం మీ అసలు డిస్కు కూడా ఆ జాబితాలోనే ఉంటుంది, చుక్క గుర్తు చూడటం ఇక్కడినుంచే అలవాటు చేసుకోండి. లినక్స్ కోసం వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ వేసి, 5 జీబీ చొప్పున రెండు మూడు ఉత్తుత్తి డిస్కులు తగిలించండి. ఎఫ్‌డిస్క్‌లో డబ్ల్యూ కొట్టకుండా బయటికొచ్చి ఎల్ఎస్‌బీఎల్‌కే చూడండి, పార్టెడ్‌లో అదే చేసి మళ్ళీ చూడండి. పని అయ్యాక వీహెచ్‌డీని డిటాచ్ చేసి ఫైలు తీసేస్తే మీ డి డ్రైవ్‌లో 2 జీబీ మళ్ళీ ఖాళీ.